పత్రంలో రాసిన ధర

మా వాళ్ళలో ఎవరినైనా వయసు అడగొచ్చు. ఒంట్లో ఉన్న రోగమేమిటని అడగొచ్చు. కోడలు పుట్టింటికి పోయి ఎన్నాళ్ళయింది, ఇంకా ఎందుకు రాలేదు అని వీధిలో నిలబెట్టి మరీ అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇల్లు ఎంతకు కొన్నారని మాత్రం అడగకూడదు. నేనూ అడగలేదు. నా ఒంటి మీది బంగారం ఊడ్చి ఇచ్చి కొనిపించిన ఇల్లు, దాని ధర పన్నెండేళ్ళ పాటు నాకు తెలియదు. తెలుసునని అనుకుంటూ ఉన్నాను, అంతే.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అది ఉన్న చోట బాట ఉంది. రైలు దిగినవాళ్ళ బండ్లు దాని మీదుగా ఊళ్ళోకి పోతుంటాయి. అటు వెళ్ళాల్సిన పని పడితే వెళ్తాను. మనవరాలు అడిగితే వంటిల్లు ఇక్కడ ఉండేది, బావి అక్కడ ఉండేది అని చూపిస్తాను కూడా. నాకు ఏడుపు వస్తుందేమోనని పక్కవాళ్ళు నా మొహంలోకి చూస్తారు. రాదు. ఏం చెయ్యమంటారు, రాదు.

అరవదేశపు మధురలో కోటగోడను కుంఫిణీ కాలంలోనే పడగొట్టి కందకం పూడ్చేశారు. పూడ్చిన నేల మీదా, దాని అవతలా కొత్త వీధులు పుట్టాయి. అందులో ఒకటి మాది. దక్షిణాన నల్లరేగడి ఊళ్ళ నుంచి పత్తి బండ్లు తోలుకొచ్చి, అమ్ముకుని, తిరిగి పోబుద్ధి కాక ఉండిపోయిన తెలుగువాళ్ళం ఇరవై కుటుంబాల దాకా అక్కడ చేరాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నాకు చిన్నప్పుడు మా నాయన తెలుగు అక్షరాలు దిద్దించాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. అరవం మాట్లాడతాను గాని చదవలేను. పత్రాలన్నీ అరవంలోనే ఉంటాయి.

ఎద్దుల సంతలో బేరం ఎట్లా చేస్తారో చూసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చూడనివాళ్ళకు చెబుతాను. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరి కుడిచేతుల మీదా ఒక తుండుగుడ్డ కప్పుతారు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టుకుంటే అయిదు. నూర్లా, పదులా అన్నది ఒక్కటే నోటితో అంటారు. చుట్టూ పదిమంది నిలబడి ఉంటారు, ఒక్కరికీ తెలియదు. దళారి పక్కనే ఉంటాడు, వాడికీ చెబితేనే తెలుస్తుంది. మా వాళ్ళు ఇళ్ళు కొనడం కూడా ఇదే పద్ధతిలో. అమ్మేవాడు ఏదో కష్టం వచ్చే కదా ఇల్లు అమ్ముతాడు. ఆ కష్టం ఇంతకు పోయిందట, అంతకు పోయిందట అని పదిమంది నోళ్ళలో నానకూడదని పెద్దవాళ్ళు పెట్టిన మర్యాద. మర్యాద మంచిదే. కాదని నేను ఎప్పుడూ అనలేదు.

ఇక పత్రం సంగతి. ముద్ర వేసిన కాగితం మీద రాయాలి, ఎంత ధర రాస్తే దానికి తగ్గట్టు ముద్ర ఖర్చు. అందుకని అందరూ సగమే రాయించేవాళ్ళు. కొందరు సగంలో సగం. వేళ్ళ మీద పలికిన ధర ఒకటి, కాగితం మీది ధర ఒకటి. పదేళ్ళు పోయాక మీ వీధిలో ఇళ్ళు ఎంతెంతకు పోయాయని ఎవరైనా అడిగితే, పత్రాలన్నీ ముందు పరిచినా ఒక్క నిజం దొరకదు. అది తప్పని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. గడుసుతనం అనుకున్నాం.

మేం ఇల్లు కొన్నది మా ఆయనకు పెదనాయన వరసయ్యే ముసలాయన దగ్గర. నాకు మామ. ఆయన కొడుకు కట్టిన వెనక వీధి ఇంట్లోకి పోతూ ఈ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. పెంకుటిల్లు. ముందు అరుగు, నడవ, రెండు గదులు, వంటిల్లు, వెనక బావి. ఆ రోజుల్లో పత్తి ధర మండిపోతోంది. ఎక్కడో సముద్రాలకు అవతల ఏదో దేశంలో యుద్ధమట, అక్కడి పత్తి రావడం లేదట, మన పత్తి కోసం దొరలు ఎగబడుతున్నారట. రేగడి ఊళ్ళలో పూరిళ్ళు వేసుకున్నవాళ్ళు పెంకులు కప్పారు. ఆ ఊపులోనే మా ఆయన ఇల్లు కొందామన్నాడు. నా కాసులపేరు, వంకీలు, జడ నాగరం, నాలుగు గాజులు, అన్నీ ఒక గుడ్డలో కట్టి ఇచ్చేశాను. అడగక ముందే ఇచ్చాను. ఆయన లోగొంతులో వద్దులే అన్నాడు, చెయ్యి మాత్రం చాపాడు. ఆ తరవాత ఇల్లు కొనేసరికి ఆర్నెల్లు పట్టింది. బేరం తెగలేదేమో అనుకున్నాను.

కొన్న రోజు నేను నడవ తలుపు వెనక నిలబడి చూశాను. మామ అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకు ఎదురుగా మా ఆయన. మధ్యలో గళ్ళ తుండుగుడ్డ. గుడ్డ కాసేపు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. మామ ఒకసారి తలెత్తి మా ఆయన మొహం చూశాడు. అంతే, అయిపోయింది. దళారికి తాంబూలం ఇచ్చారు. లోపలికి వచ్చి మా ఆయన నా చెవిలో చెప్పాడు. ఏడునూర్లు అయింది, పత్రంలో మున్నూరే రాస్తాం, ఎవరితోనూ అనకు అన్నాడు. ఎవరితో అంటాను? నేను లోపల లెక్క వేసుకున్నాను. ఆయన వాటాకు వచ్చిన పొలం అమ్మిన డబ్బు మూడు వందలు. నా బంగారం నాలుగు వందలు. సరిపోయింది. ఆ రాత్రి కడుపు నిండా అన్నం తిని పడుకున్నాను.

మా ఆయన మంచివాడే. ఈ మాట నేను ఎత్తిపొడుపుగా అనడం లేదు. తాగేవాడు కాదు, చెయ్యి చేసుకునేవాడు కాదు. కొత్త ఇంట్లోకి వచ్చాక పత్తి వ్యాపారం తగ్గించుకుని, వేరే వాళ్ళ దుకాణంలో తూకం చూసే పనికి కుదిరాడు. నేను బోసి మెడతో తిరుగుతుంటే చూడలేక కాబోలు, ఒకటి రెండుసార్లు నడవ స్తంభం మీద చెయ్యి వేసి, నీ బంగారం ఎక్కడికీ పోలేదు, ఇందులోనే ఉంది అన్నాడు. నేను నమ్మాను. పేరంటాలకు పసుపుతాడు ఒక్కటే వేసుకుని పోయేదాన్ని. ఎవరైనా నా మెడ వంక చూస్తే, చూడనీ, మా ఇంటి వంక చూడండి అనుకునేదాన్ని.

ఇంటి పన్ను వచ్చిన కొత్తల్లో జరిగిన భాగోతం చెప్పకుండా ఉండలేను. పట్నం కచ్చేరి నుంచి ఒక గుమాస్తా, గొలుసు పట్టుకునే మనిషి ఒకడు వచ్చి ఇంటింటికీ కొలతలు తీసేవాళ్ళు. గుమ్మాలు లెక్కపెడతారు, పెంకు చూస్తారు, ఈ ఇల్లు అద్దెకిస్తే నెలకు ఎంత వస్తుందని అడుగుతారు. ఎంత వస్తుందంటే దాన్ని బట్టి పన్ను. వాళ్ళు వీధి మొదట్లో ఉండగానే చివరి ఇంటికి కబురు అందేది. ఇత్తడి బిందెలు బావి వెనక్కి. ఊయల బల్ల గొలుసులతో సహా అటక మీదికి. నేను అందరికంటే రెండాకులు ఎక్కువ చదివాను. వాళ్ళు వస్తారని తెలిసిన వారం ముందు నుంచే వీధి వైపు గోడ నిండా పిడకలు కొట్టాను. నడవలో దూడను కట్టేశాను. గుమాస్తా గుమ్మంలోకి రాగానే అది పేడ వేసింది. దానికెవరు చెప్పారో తెలియదు. గుమాస్తా ముక్కు మూసుకుని, అద్దె ఎంత వస్తుందమ్మా అన్నాడు. దీన్ని ఎవరు తీసుకుంటారయ్యా, ఊరికే ఇస్తామన్నా రారు అన్నాను. వీధి మొత్తంలో తక్కువ పన్ను పడిన పెంకుటిల్లు మాదే. ఆడవాళ్ళందరూ నన్ను మెచ్చుకున్నారు. తరవాత లెక్క తిరగరాసిన ప్రతిసారీ అదే పని చేశాను. మా ఆయన నవ్వేవాడు కాదు. అప్పుడు నాకు కోపం వచ్చేది, ఇంత తెలివిగా చేస్తే ఒక్క మంచిమాట అనడేమిటని.

ఆయన పోయింది వాంతిభేదితో. మూడు రోజులు. మూడో రోజు ఏదో చెప్పాలని నోరు తెరిచాడు, నేను నీళ్ళు అడుగుతున్నాడనుకుని చెంచాతో పోశాను. మింగాడు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఆ తరవాత మూడేళ్ళు నేను ఉన్న రెండు గదుల్లో ఒకటి అద్దెకిచ్చి, రాట్నం పెట్టుకుని, పొట్ట గడుపుకున్నాను. ఇల్లు సొంతం కాబట్టి గడిచింది. ఆ మాట రోజూ అనుకునేదాన్ని.

తరవాత రైలు వచ్చింది. స్టేషను ఊరికి పడమట కట్టారు. అక్కడి నుంచి ఊళ్ళోకి వెడల్పాటి బాట కావాలన్నారు. ఒకరోజు పొద్దున్న మా ఇంటి అరుగు ముందు ఒక కొయ్య మేకు పాతారు, దాని నెత్తిన సున్నం పూశారు. ఇంకో మేకు వెనక బావి దగ్గర పాతారు. మధ్యలో ఉన్నది మా ఇల్లు. మాతో కలిపి తొమ్మిది ఇళ్ళు. దండోరా వేశారు. ఇళ్ళకు డబ్బు ఇస్తాం, మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలి అని.

ఎంత ఇస్తారు? అందరూ అదే అడిగారు. గుమాస్తా వచ్చి విప్పి చెప్పాడు. పత్రంలో రాసిన ధర చూస్తాం, పన్ను లెక్క చూస్తాం. అంతకంటే ఎక్కువ పెట్టి కొన్నామంటే, అమ్మినవాణ్ణో చూసినవాణ్ణో సాక్షిగా తీసుకొచ్చి దొర ముందు ప్రమాణం చేయించండి, దొరకు నమ్మకం కుదిరితే ఆ ధరే ఇస్తాం. అది విన్నాక వీధిలో ఒక్కొక్కడి మొహం చూడాల్సింది. ఇన్నేళ్ళు ధర దాచడానికి పడిన పాట్లు, ఇప్పుడు అదే ధరను బయట పెట్టడానికి సాక్షుల కోసం పరుగులు. మా ఎదురింటాయన అయితే తనకు ఇల్లు అమ్మినవాణ్ణి వెతుక్కుంటూ ఒట్టన్‌చత్రం దాకా నడిచిపోయాడు. నా పిడకల గోడ చూసి గుమాస్తా, మీ ఇంటి పన్ను ప్రకారం లెక్క కడితే నూటయాభై కూడా రాదమ్మా, పత్రం ఉంది కాబట్టి మూడు వందలైనా వస్తాయి అన్నాడు. వాడి తప్పేముంది.

వెనక సందులో ఒక చిన్న ఇల్లు అమ్మకానికి ఉంది. రెండు గదులు, బావి. దాన్ని కొనుక్కుంటే నేనూ నా కూతురూ ఎవరి కిందా ఉండనక్కర్లేదు. లేకపోతే రేగడి ఊళ్ళో మా అన్న ఇంటికి పోయి వదిన వడ్డించిన కూడు తినాలి. నాకు కావలసింది ఆ ఇల్లు ఒక్కటే, ఇంకేమీ లేదు. సరే, అది ఎంత చేస్తుందో తెలుసుకుందామని బయలుదేరాను. ఆ సందులో అంతకు ముందు ఏడాదిలో రెండు ఇళ్ళు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళ ఇంటికి పోయి ఎంతయింది అక్కా అని అడిగాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఒకావిడ ఏదో ఇచ్చాంలే అంది. ఇంకొకావిడ మంచినీళ్ళు ఇచ్చి వేరే మాట ఎత్తింది. కొనబోయేదాన్ని, పక్క ఇల్లు ఎంతకు పోయిందో తెలియకుండా ఏ లెక్కన బేరం ఆడాలి? ఆ సంగతి మొగవాళ్ళకు కూడా తెలియదని అప్పుడే అర్థమైంది. అందరూ కళ్ళకు గంతలు కట్టుకునే కొంటున్నారు. పైగా ఆడదాని చెయ్యి గుడ్డ కింద పట్టుకోరు. మా అన్నను ఊరి నుంచి పిలిపించాను. ఆయన చెయ్యి పెట్టి, బయటికి వచ్చి, అయిదు వందల యాభైకి దిగదు అని చెప్పాడు.

అయిదు వందల యాభై. నాకు ఏడు వందలు వస్తే ఇల్లు కొని, పైకప్పు బాగు చేయించి, ఇంకా కొంత మిగులుతుంది. మూడు వందలే వస్తే ఏమీ లేదు. నేను ఏడు వందలు పెట్టి కొన్నానని చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. దళారి చచ్చిపోయాడు. మా ఆయన చచ్చిపోయాడు. మిగిలింది మామ.

దొర రావడానికి ఒక రోజు ముందు మధ్యాహ్నం మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన పెరట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. కళ్ళు మసకబారాయి గాని చెవులు బాగానే ఉన్నాయి. నా గొంతు వినిపించగానే లేచి కూర్చున్నాడు. నేను వస్తానని ఆయనకు తెలిసినట్టుంది. సంగతంతా చెప్పాను. ఆ రోజు వేళ్ళ మీద పలికిన ఏడు వందలు రేపు ఒక్కసారి నోటితో అనండి మామా, మీకేమీ పోదు, నాకూ నా బిడ్డకూ నీడ దొరుకుతుంది అని అడిగాను. కాళ్ళు పట్టుకోలేదు. పట్టుకోవాల్సి వస్తే పట్టుకుందామనే వెళ్ళాను.

ఆయన ఇంటి వైపు చెవి పెట్టాడు. కోడలు ఇంట్లో ఉందేమో చూడమన్నాడు. లేదని చెప్పాను.

“అమ్మీ,” అన్నాడు, “నాకు వొచ్చింది మున్నూరే.”

పత్రంలో మున్నూరు మామా, నేను అడిగేది గుడ్డ కింద పలికిన ధర అన్నాను.

“గుడ్డ కిందా మున్నూరే. మూడు వేళ్ళు పట్టుకున్నాడు. అంతకు మించి వాడి దగ్గర లేదు. నీ బంగారం అమ్మిన రూక అంతా పత్తిలో పెట్టినాడు. నాలుగు నెల్లలో రెండింతలు చేసి, అప్పుడు నా దగ్గరికి వొద్దామనుకున్నాడు. యుద్ధం ఆగిపోయిందంట, పత్తి పడిపోయింది. అంతా పోయింది.”

పెరట్లో కోడి ఒకటి దాని మానాన అది గింజలు ఏరుకుంటోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. చెప్పాక ఆపలేకపోయాడు. అందరిలాగే పత్రంలో సగం రాద్దాం, నూటయాభై రాద్దాం, ముద్ర ఖర్చు మిగులుతుందని తను అన్నాడట. మా ఆయన ఒప్పుకోలేదట.

“పూరా రాయండి పెదనాయనా అన్నాడు. ఎప్పుడన్నా అది పత్రం చదివించిందంటే, ఓహో సగమే రాసినారు అనుకోవాల, మిగతా సగం బంగారం అనుకోవాల అన్నాడు. నా చెయ్యి విడవకుండా పట్టుకున్నాడు, చెప్పొద్దని. నేను చెప్పలేదు. వాడు పోయినాక ఇంక ఏం చెప్పేదిలే అని ఊరుకున్నా.”

అంటే మా వీధిలో నిజం ధర రాసిన పత్రం ఒక్కటే ఉంది, అది మాది. అది నన్ను మోసం చెయ్యడానికి రాయించాడు. నాకు నవ్వు వచ్చినట్టయింది, కాని రాలేదు. కోపం వస్తుందని చూశాను. అదీ రాలేదు. లేచి కొంగు దులుపుకున్నాను.

వెళ్ళబోతుంటే మామ ఆపాడు. “రేపు ఏడునూర్లని చెప్పమంటే చెప్తా అమ్మీ. ప్రమాణం చేసే చెప్తా. ఈ వయసులో నన్నెవరు ఏం చేస్తారు. తెరువులో అందరూ అదే చేస్తాండారు గదా.”

సరే మామా అన్నాను. సరే అనే ఇంటికి వచ్చాను. వంట చేశాను. మా అన్నకు వడ్డించాను. మామ సాక్ష్యం చెబుతానన్నాడా అని మా అన్న అడిగితే చెబుతానన్నాడు అన్నాను. అదీ నిజమే కదా. మా అన్న సంతోషపడి, కొత్త ఇంటికి వాకిలి ఎటు మార్చాలో చెప్పడం మొదలుపెట్టాడు. నా కూతురు కొత్త ఇంటి బావి మా బావి కంటే లోతా అని అడిగింది. నేను పడుకుని ఒక్కటే లెక్క వేసుకున్నాను. ఈ పన్నెండేళ్ళలో నేను ఎన్నిసార్లు పిడకలు కొట్టాను, ఎన్నిసార్లు బిందెలు దాచాను, లేని ఏ ధరను దాస్తున్నానని. మా ఆయన నవ్వకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం.

మర్నాడు కచ్చేరి ముందు పందిరి వేశారు. దొర కుర్చీలో కూర్చున్నాడు. గుమాస్తా ఒక్కొక్క ఇంటి వాళ్ళనూ పిలిచి అరవంలో అడుగుతాడు, దొరకు ఇంగ్లీషులో చెబుతాడు. ముందు అయిదుగురు వెళ్ళారు. అయిదుగురూ ప్రమాణం చేశారు. రెండు వందలు రాయించుకున్నవాడు అయిదు వందలన్నాడు. ఎదురింటాయన ఒట్టన్‌చత్రం నుంచి తెచ్చుకున్న సాక్షి, ఎంతని అడిగితే ఎదురింటాయన మొహం చూసి చెప్పాడు. దొరకు అన్నీ తెలుసో ఏమీ తెలియదో, అన్నీ రాసుకున్నాడు. ధరలు అంత గట్టిగా, పదిమందిలో చెప్పుకోవడం మేమెవ్వరమూ ఎన్నడూ వినలేదు. మొదట్లో తలలు దించుకున్నారు. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి అలవాటైపోయింది.

మా ఇల్లు పిలిచారు. మా అన్న లేచాడు. మామ కర్ర పట్టుకుని పందిరి గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు, నేను తల ఊపితే ముందుకు వస్తాడు. మా అన్నను కూర్చోమని నేనే ముందుకు వెళ్ళాను. గుమాస్తా పత్రం చూసి, ఇందులో మూడు వందలని ఉంది, అసలు ఎంత పెట్టి కొన్నారు అని అడిగాడు. వీధి మొత్తం నా వంక చూస్తోంది.

“మున్నూరు,” అన్నాను.

గుమాస్తా నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ అడిగాడు. పత్రం సంగతి కాదమ్మా, చేతికి ఇచ్చింది, సాక్షి ఉన్నాడా అన్నాడు. అంతే ఇచ్చాం, సాక్షి అక్కర్లేదు అన్నాను. దొర అప్పుడు తలెత్తి ఒకసారి చూశాడు. ఏమనుకున్నాడో. రాసుకున్నాడు. నేను తెలుగులో సంతకం పెట్టి వచ్చేశాను.

మా అన్న నాతో ఏడాది మాట్లాడలేదు. సందులోని ఇల్లు ఎదురింటాయన కొనుక్కున్నాడు, ఆయనకు వచ్చిన డబ్బుతో. ఎంతకు కొన్నాడో తెలియదు. వీధిలోవాళ్ళు నన్ను నిజాయితీపరురాలన్నారు కొన్నాళ్ళు, తరవాత వెర్రిది అన్నారు. రెండూ కాదు. పత్రంలో నూటయాభై రాసి ఉంటే నాకు ఆ మూడు వందలు కూడా దక్కేవి కావు. దానికి మా ఆయనను తలుచుకుని దండం పెట్టాలో తిట్టాలో ఇప్పటికీ నాకు తేలలేదు. ఆ డబ్బు తీసుకుని మా అన్న ఇంటికి పోయాం. పశువుల కొట్టం పక్కన ఒక గది ఇచ్చారు. మా అమ్మాయి పెళ్ళయి పోయేదాకా అందులోనే ఉంది. వదిన మాటలు అది పడినన్ని నేను కూడా పడలేదు.

పెద్దదయ్యాక అది ఒకసారి అడిగింది. ఆ రోజు ఏడు వందలని ఒక్క మాట అని ఉంటే మనకు ఇల్లు ఉండేది కదమ్మా, ఎందుకు అనలేదు అని. గుర్తులేదే అన్నాను. గుర్తు లేకపోవడమేమిటి. ఏడు వందలని ఆయన నా చెవిలో చెప్పినప్పుడు నేను ఎంత సంతోషపడ్డానో నాకు బాగా గుర్తుంది. ఆ మాట మళ్ళీ నా నోటితో అనాలంటే నోరు పెగల్లేదు. నా బిడ్డ తొమ్మిదేళ్ళు కొట్టం పక్క గదిలో పెరిగింది అందుకే.